మిషన్ ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి? కాక్లియర్ ఇంప్లాంట్ పిల్లల తల్లిదండ్రుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాక్లియర్ ఇంప్లాంట్ గురించే, అంటే వినపడని పిల్లలకి ఆపరేషన్ చేసి పెట్టే, చెవి నరానికి కరెంటు రూపంలో చప్పుడు చేర్చే పరికరం గురించే. కొందరు ఇంకా ఆపరేషన్ ముందున్నారు, కొందరి పిల్లలు బడికి వెళ్తున్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. ఊరి పేరు ఉంచి మిగతా వివరాలు తీసేశాం. జవాబులు ఆడియాలజీ (వినికిడి పరీక్షలు, మిషన్ల సర్దుబాటు), స్పీచ్ థెరపీ చేసే వాళ్లవి.

ప్ర: మా బాబుకి 14 నెలలు. పుట్టుకతో రెండు చెవులూ వినపడవు. వచ్చే నెల ఆపరేషన్. మూడు కంపెనీల వాళ్లూ బ్రోచర్లు ఇచ్చారు. ఒకరు మా దాంట్లో 22 ఎలక్ట్రోడ్లు అంటారు. ఇంకొకరు వైరు లేకుండా గుండీలా తలకి అతుక్కునే ప్రాసెసర్ చూపించి పిల్లలకు ఇదే హాయి అంటారు. మావారేమో బ్లూటూత్ ఉన్నదే కావాలంటున్నారు. ఏది తీసుకోమంటారు?
(ఏలూరు)

జ: ముందు రెండింటినీ విడదీసి చూడండి. చర్మం కింద పెట్టేది ఇంప్లాంట్. చెవి మీద పెట్టుకునేది ప్రాసెసర్, మన ఇళ్లలో అందరూ మిషన్ అనేది దాన్నే. బయటిది కొన్నేళ్లకి మారుతుంది. లోపలిది ఉండిపోతుంది. ఒక కంపెనీ ఇంప్లాంట్‌కి ఇంకో కంపెనీ ప్రాసెసర్ పనిచేయదు. అంటే వచ్చే నెల మీరు సంతకం పెడుతున్నది ఒక కంపెనీతో పాతికేళ్ల సంసారానికి. బ్రోచర్ బొమ్మ చూసి అంత పెద్ద మాట ఇచ్చేయకండి.

ఎలక్ట్రోడ్ల లెక్క సంగతి. లోపలి చెవిలో కరెంటు వదిలే చిన్న చిన్న బిందువులే ఎలక్ట్రోడ్లు. ఆస్ట్రేలియా కంపెనీ కాక్లియర్‌ది 22, అమెరికా కంపెనీ అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌ది 16, ఆస్ట్రియా కంపెనీ మెడ్-ఎల్‌ది 12 చానెళ్లు. ఎక్కువ ఉంటే మాట ఎక్కువ తెలుస్తుందనే లెక్క ఇక్కడ నడవదు. కాక్లియా అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం, దాని లోపలంతా ద్రవం. ఒక ఎలక్ట్రోడ్ వదిలిన కరెంటు తడి కాగితం మీద సిరా చుక్కలా పక్కకి పాకి, పక్క ఎలక్ట్రోడ్ జాగాలో కలుస్తుంది. కాక్లియా మామూలు ఆకారంలో ఉన్న పిల్లలు ఈ మూడింటితోనూ చక్కగా మాట్లాడుతున్నారు. నత్తగుల్ల చుట్టు పూర్తిగా ఏర్పడలేదనో, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తర్వాత లోపల ఎముక పేరుకుందనో స్కాన్‌లో వస్తే మాత్రం ఎలక్ట్రోడ్ పొడవూ మందమూ నిజంగా లెక్కలోకి వస్తాయి. అప్పుడు సర్జన్ చెప్పిందే వినండి.

లోపలి భాగం గురించి మీరు తప్పక అడగాల్సింది ఎమ్మారై సంగతి. మెడ్-ఎల్ సింక్రనీ, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ హైరెస్ అల్ట్రా 3డీ, కాక్లియర్ ప్రొఫైల్ ప్లస్ రకాల్లో లోపలి అయస్కాంతం స్కానర్‌కి తగ్గట్టు తిరుగుతుంది. అందుకే 3 టెస్లా (ఎక్కువ అయస్కాంత బలం ఉన్న) ఎమ్మారై కూడా అయస్కాంతం తీయకుండా చేయించుకోవచ్చు. పాత మోడల్ చవగ్గా ఇస్తామంటే ఎమ్మారై కోసం మళ్లీ కోత పడాల్సి వస్తుందా అని అడిగి, జవాబు రాయించుకోండి.

ఇక ప్రాసెసర్. 14 నెలల బాబుకి మా ఓటు చెవి వెనక పెట్టే రకానికే. కాన్సో, రోండో లాంటి గుండీ రకంలో మైకు, బ్యాటరీ, కాయిల్ (అయస్కాంతంతో తలకి అతుక్కుని లోపలి ఇంప్లాంట్‌కి చప్పుడు పంపే చక్రం) అన్నీ ఒకే బిళ్లలో ఉంటాయి. ఆ బరువంతా అయస్కాంతం ఒక్కటే మొయ్యాలి. ఊడిపోతోందని బలమైన అయస్కాంతం వేస్తే దాని కింద చర్మం కందుతుంది. ఈ వయసు పిల్లాడు సగం రోజు ఉయ్యాల్లోనో, ఒళ్లోనో, భుజం మీదనో ఉంటాడు. తల వెనక ఏది తగిలినా బిళ్ల జారుతుంది. కాన్సో 2, రోండో 3లలో చార్జింగ్ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. సాయంత్రం పెళ్లి మండపంలో అది అయిపోతే మార్చడానికి ఏమీ ఉండదు, చార్జర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. చెవి వెనక రకంలో అరనిమిషంలో వేరే బ్యాటరీ బిగించొచ్చు. పాడయ్యేది కూడా ఎక్కువగా కాయిల్ వైరే. చెవి వెనక రకంలో వైరు ఒక్కటే మార్చుకుంటారు. గుండీ రకం దెబ్బతింటే మొత్తం బిళ్ల కంపెనీకి వెళ్లాలి.

చెవి వెనక రకానికీ తిప్పలున్నాయి. పసిపిల్లల చెవి డొప్ప మెత్తన, సుమారు 10 గ్రాముల మిషన్‌కే వంగిపోతుంది. చెవి చుట్టూ తిరిగే మెత్తటి రింగు, లేదా చెవి కొలతకు పోసిన మౌల్డ్ పెట్టించండి. మిషన్‌కి కట్టిన సేఫ్టీ దారం క్లిప్పు చొక్కా వీపు భాగానికి పెట్టండి, ముందు పెడితే నోట్లోకి వెళ్తుంది. బ్యాటరీ విడిగా చొక్కాకి తగిలించే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది. చెవి మీద బరువు తగ్గించడానికి మొదటి ఏడాది అది మంచిది. ఇక ఏడెనిమిదేళ్లు వచ్చాక గుండీ రకమే కావాలని బాబు అడిగితే అప్పటి మాట అప్పుడు.

బ్లూటూత్ గురించి మీవారికి చెప్పండి, బాబుకి ఇప్పట్లో ఫోన్లు రావు. ఆ మోడల్‌కి టీచర్ మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకు కలుస్తుందా అన్నది ఇంకో మూడేళ్లలో ఉపయోగపడే ప్రశ్న. మైకు, బ్యాటరీ, కాయిల్ స్థితి తల్లికి కనిపించేలా మిషన్ మీద లైటు ఉందా అన్నది రేపటి నుంచే ఉపయోగపడే ప్రశ్న. 14 నెలల పిల్లాడు 'వినపడటం లేదు' అని చెప్పడు కదా.

డబ్బు కట్టే ముందు ఇవి కాగితం మీద తీసుకోండి: ప్రాసెసర్ వారంటీ ఎన్నేళ్లు, కాయిల్‌కీ వైరుకీ విడిగా ఎంత, ఇంప్లాంట్‌కి ఎంత; నీళ్లలో పడినా, పోగొట్టుకున్నా ఏం చేస్తారు; రిపేరుకి పంపితే అన్ని రోజులూ వాడుకోడానికి వేరే మిషన్ ఇస్తారా; వైరు, కాయిల్, చార్జింగ్ బ్యాటరీ ఇవాళ్టి ధరెంత; మ్యాపింగ్ (పిల్లాడికి తగ్గట్టు మిషన్‌లో కరెంటు స్థాయిలు సరిచేయడం; ఆ స్థాయిల పట్టికే మ్యాప్) చేసేవాళ్లు ఏలూరుకి దగ్గర్లో, విజయవాడలోనో రాజమండ్రిలోనో ఉన్నారా, లేక ప్రతిసారీ హైదరాబాద్ రావాలా. మొదటి ఏడాదిలో మ్యాపింగ్‌కి చాలాసార్లు వెళ్లాలి. దగ్గర్లో మనిషి ఉన్న కంపెనీ, దూరంగా ఉన్న గొప్ప మోడల్ కన్నా మేలు. మేమైతే ఈ ఒక్క కారణం మీదే కంపెనీని ఎంచుకోమంటాం.

ఒక చెవికే చేయిస్తుంటే రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ ఆపకండి, ఆడియాలజిస్ట్ చెప్పేదాకా.

ప్ర: పాపకి అయిదేళ్లు. పొద్దున బాగానే వింటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి 'అమ్మా, ఆగిపోయింది, వచ్చింది, ఆగిపోయింది' అంటుంది. బ్యాటరీలు మార్చినా అంతే. రాత్రి బియ్యం డబ్బాలో పెడుతున్నాం. సర్వీస్ సెంటర్‌కి పంపితే వారం పడుతుందట. ఇంట్లో చూసుకోగలిగింది ఏమైనా ఉందా?
(కాకినాడ)

జ: ఉంది, చాలానే. మధ్యాహ్నమే ఎందుకు అన్నదాంట్లోనే సగం జవాబు ఉంది: ఉక్కపోత. చెవి వెనక కారిన చెమట మూడు చోట్లకి వెళ్తుంది. ఒకటి మైకు మీది చిన్న జల్లెడ. రెండు, బ్యాటరీ తగిలే లోహపు రేకులు. మూడు, వైరు కాయిల్‌లోకీ ప్రాసెసర్‌లోకీ దూరే చోట్లు.

ఈ వరసలోనే చూడండి. వరస తప్పితే ఏది పాడైందో తెలియదు. ఒక్కో అడుగు తర్వాత మిషన్ పెట్టి పాపతో మాట్లాడి చూడాలి.

బ్యాటరీలు రెండూ ఒకేసారి మార్చండి, పాతదొకటి కొత్తదొకటి కలపొద్దు. రేకుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే పొడి గుడ్డతోనో, మెత్తటి పొడి బ్రష్‌తోనో తుడవండి, నీళ్లు వద్దు. తర్వాత వైరు. మిషన్ పాప తలమీద ఉండగా వైరుని రెండు చివర్ల దగ్గర, అంటే లోపలికి దూరే మెడ దగ్గర, మెల్లగా ఇటూ అటూ వంచండి. అప్పుడు లైటు మారితే, లేదా పాప 'ఆగిపోయింది' అంటే దొంగ వైరే. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి సన్నటి తీగ తెగి ఉంటుంది. దువ్వెన తగిలో, చొక్కా తీసేటప్పుడో లాగబడి తెగుతుంది. ఇంట్లో ఒక స్పేర్ వైరు ఎప్పుడూ ఉండాలి. అది లేకపోతే ఈ పరీక్షంతా గుడ్డి వైద్యమే. కొత్త వైరుతోనూ అంతే అయితే కాయిల్ మార్చి చూడండి. ఆ తర్వాత మైకు జల్లెడ. కాక్లియర్ మోడళ్లలో దాన్ని మూడు నెలలకోసారి మార్చమంటారు, కాకినాడ గాలికి రెండు నెలలనుకోండి. మైకు మూసుకుపోతే చప్పుడు ఆగి ఆగి రాదు, మందంగా, మొద్దుగా వస్తుంది. పాప చెప్పే లక్షణం వైరుదీ తేమదీ.

లైట్ల భాష ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. మీ మోడల్ లైటు పట్టీ జిరాక్స్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. బడి టీచర్‌కీ ఒకటి ఇవ్వండి.

ఇవన్నీ మార్చినా చప్పుడు లేకపోతే అప్పుడు ప్రాసెసర్ లోపమో, లోపలి ఇంప్లాంట్ లోపమో అవుతుంది. రెండో ప్రాసెసర్‌తో చూసి, అవసరమైతే ఇంప్లాంట్ పరీక్ష చేయించాలి. ఇంకో సంగతి: మిషన్ పెట్టగానే పాప కన్ను, బుగ్గ అదిరినా, నొప్పి అన్నా వెంటనే తీసేసి ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. అది మ్యాప్‌లో ఏదో ఎలక్ట్రోడ్ కరెంటు ముఖ నరానికి చేరుతున్నందువల్ల కావచ్చు. ఆ ఎలక్ట్రోడ్ స్థాయి తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు.

బియ్యం డబ్బా మానేయండి. బియ్యం తేమని పెద్దగా లాగదు, పిండి ధూళి మాత్రం మైకులోకి పోతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పోసి, దాని మీద గుడ్డ పరిచి, రాత్రంతా మిషన్ పెట్టండి. నీలం పూసలు గులాబీ రంగుకి మారితే వాటి పని అయిపోయినట్టే. కంపెనీ డ్రై బాక్స్ ఉంటే మరీ మంచిది. వాడి పారేసే జింక్-ఎయిర్ బ్యాటరీలు తీసేసి పెట్టాలి, లేకపోతే అవే ఎండిపోతాయి. ఎండలో, హెయిర్ డ్రయర్ ముందు, టీవీ మీద పెట్టడం వద్దు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఒకసారి మిషన్ తీసి, చెవి వెనకా మిషన్ వెనకా పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. ఎండాకాలం ఈ ఒక్క అలవాటుతో సగం ఫిర్యాదులు పోతాయి. చెవి వెనక కొబ్బరినూనె, పౌడరు కూడా వద్దు. ఆ రెండూ కలిసి మైకు మీద ముద్దలా పేరుకుంటాయి.

ప్ర: బాబు పుట్టువెంట్రుకలు తిరుమలలో ఇస్తామని మొక్కుకున్నాం. ఈలోగా ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు గుండు చేయించవచ్చా?
(నంద్యాల)

జ: చేయించవచ్చు, సర్జన్ కుట్లు చూసి సరేనన్నాక. కుట్టు మాని, దాని మీద పొక్కు గానీ ఎర్రదనం గానీ లేకుండా ఉండాలి. చెవి వెనక పైభాగంలో ఇంప్లాంట్ కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది, అక్కడి చర్మం తెగితే చీము పట్టే ప్రమాదం. కళ్యాణకట్టలో కూర్చునే ముందే క్షురకుడి వేలు పట్టుకుని ఆ ఉబ్బు చూపించండి. అక్కడ కత్తి వాలుగా, తేలిగ్గా పోవాలి, ఎదురు గీత వద్దు. మీకు ధైర్యం చాలకపోతే ఆ అరచేతి జాగా ముందే ఇంట్లో ట్రిమ్మర్‌తో తీయించి వెళ్లండి. గుండు అవుతున్నంతసేపూ, తర్వాత స్నానం అయ్యేదాకా మిషన్ డబ్బాలోనే ఉండాలి. చందనం రాస్తే ఆరిన పొడి మీద కాయిల్ పెట్టకండి. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

చాలామంది మరిచిపోయేది అయస్కాంతం సంగతి. జుట్టున్నప్పుడు సరిపోయిన బలం, గుండు మీద ఎక్కువైపోతుంది. మధ్యన ఉండే వెంట్రుకల మందం పోయింది కదా. ఒక నంబరు తక్కువ అయస్కాంతం ముందే ఆడియాలజిస్ట్ దగ్గర తీసుకుని సంచిలో వేసుకోండి. కొన్ని కాయిల్స్‌లో దాన్ని తిప్పి వదులు చేయొచ్చు. ఎలా తెలుస్తుందంటే, గంట సేపు పెట్టి తీసి చూడండి. కాయిల్ కింద గుండ్రంగా ఎర్రబడి, అరగంటకి కూడా ఆ ఎరుపు పోకపోతే బలం ఎక్కువైనట్టు. చర్మం వేడిగా, వాచినట్టు ఉంటే మిషన్ పెట్టడం ఆపి డాక్టర్‌కి చూపించండి. జుట్టు పెరిగే కొద్దీ కాయిల్ ఊడటం మొదలవుతుంది, అప్పుడు పాత నంబరుకి వెళ్లండి.

చెవులు కుట్టించడం గురించి కూడా ఇద్దరు అడిగారు. తమ్మెకి కుట్టడంలో ఇంప్లాంట్‌కి సంబంధం లేదు. ఆపరేషన్‌కి ముందూ వెనకా కొన్ని నెలలు ఎడం ఉంచండి.

ప్ర: బ్యాటరీల ఖర్చు భరించలేకపోతున్నాం. మెడికల్ షాపులో హియరింగ్ ఎయిడ్ బ్యాటరీలు సగం ధరకి ఇస్తున్నారు, అదే సైజు. వాడొచ్చా?
(మిర్యాలగూడ)

జ: సైజు 675 అనే పేరు ఒకటే, సత్తువ వేరు. ఇంప్లాంట్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంప్లాంట్ కోసం చేసిన 675 బ్యాటరీకి గాలి పీల్చే రంధ్రాలు ఎక్కువ, ఆ గాలితోనే అది పనిచేస్తుంది. మామూలుది వేస్తే కాసేపు నడిచి, శబ్దం పెరిగే చోట టక్కున ఆగుతుంది. ప్యాకెట్ మీద ఇంప్లాంట్ అన్న మాటో, 675 పక్కన పి అక్షరమో ఉందా చూసి కొనండి.

లెక్క వేద్దాం. చెవి వెనక మిషన్‌కి రెండు బ్యాటరీలు పడతాయి. జత రెండు రోజులు వస్తే నెలకి 30 బ్యాటరీలు, అంటే ఆరేసి ఉన్న ప్యాకెట్లు అయిదు. స్టిక్కర్ తీశాక అయిదు నిమిషాలు బల్ల మీద వదిలి, ఆ తర్వాత బిగించండి. గాలి పూర్తిగా చేరితే ఎక్కువ సేపు వస్తుంది. స్టిక్కర్ మళ్లీ అంటిస్తే ఆగుతుందనుకోవద్దు. దీర్ఘకాలంలో చార్జింగ్ బ్యాటరీలే చవక. రెండుంటే ఒకటి చెవిమీద, ఒకటి చార్జర్‌లో. అవీ ఏడాది దాటాక నెమ్మదిగా తగ్గుతాయి, సాయంత్రానికే అయిపోతుంటే కొత్తది కొనే సమయం వచ్చినట్టు. జింక్-ఎయిర్ వేసి గాలి చొరబడని వాటర్ కవర్ తొడిగితే మిషన్ ఊపిరాడక ఆగిపోతుంది. హోలీకీ, వాన పడే రోజుకీ చార్జింగ్ బ్యాటరీయే వెయ్యాలి.

బ్యాటరీ గది తాళం వేసి ఉంచండి. పిల్లలు బ్యాటరీ మింగినా, ముక్కులో పెట్టుకున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ క్షణమే ఆస్పత్రికి.

ప్ర: మా అబ్బాయికి 2015లో ఆరోగ్యశ్రీలో చేయించాం. ఇప్పుడు ప్రాసెసర్ పూర్తిగా పోయింది, కొత్తదానికి లక్షలు అడుగుతున్నారు. మాకు తెలిసినవాళ్ల అమ్మాయి కొత్త మోడల్‌కి మారింది. పాతది 40 వేలకి ఇస్తామంటున్నారు. తీసుకుని పెట్టేయొచ్చా?
(నిజామాబాద్)

జ: పెట్టేయకండి. ఆ మిషన్‌లో ఆ అమ్మాయి మ్యాప్ ఉంది. ఒక్కో పిల్లకి ఎంత కరెంటుతో చప్పుడు తెలుస్తుంది, ఎంత దాటితే భరించలేరు అన్నది వేరువేరు. ఆ అమ్మాయికి మామూలుగా ఉన్న స్థాయి మీ అబ్బాయికి చెవిలో పిడుగు పడ్డట్టు ఉండొచ్చు. కొన్ని కొత్త మోడళ్లు ఇంప్లాంట్‌ని గుర్తుపట్టి, వేరే వాళ్ల తలమీద పనిచేయకుండా ఆగిపోతాయి. కానీ అన్నీ అలా ఆగవు.

కొనడం మాత్రం తప్పు కాదు, కొన్ని చూసుకుంటే. మీ ఆపరేషన్ కాగితాల్లో ఇంప్లాంట్ మోడల్, సీరియల్ నంబరు ఉంటాయి. అది ఏ కంపెనీయో, ఆ తరం ఇంప్లాంట్‌కి ఈ ప్రాసెసర్ కలుస్తుందో ఆడియాలజిస్ట్‌ని అడగండి. ఒకే కంపెనీలో కూడా అన్నీ అన్నింటికీ కలవవు. తర్వాత డబ్బు ఇవ్వకుండానే మిషన్‌ని క్లినిక్‌కి తెప్పించి, కంప్యూటర్‌కి తగిలించి, మీ అబ్బాయి మ్యాప్ వేయించి, అరగంట వినిపించి చూడండి. పేరు మార్పిడి కంపెనీ ఒప్పుకుంటుందా, ఆ మోడల్‌కి వైర్లు, కాయిల్స్ ఇంకా ఎన్నేళ్లు అమ్ముతారు అని రాతలో అడగండి. విడిభాగాలు ఆగిపోతున్న మోడల్ అయితే 40 వేలు కూడా దండగే.

మీ అబ్బాయి మ్యాప్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. చేసిన చోటు మూతపడితే కష్టం. ప్రతి మ్యాపింగ్ తర్వాత ఒక ప్రింటు, వీలైతే ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఇది అందరికీ చెప్తున్నాం.

పథకాల సంగతి. వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం ఏడిఐపీ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్లకి ముంబైలోని అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ నోడల్ ఏజెన్సీ, అంటే పని నడిపే సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. ఆరోగ్యశ్రీ అయినా ఇదైనా మోడల్ మన చేతిలో ఉండదు, టెండర్‌లో వచ్చినదే ఇస్తారు. అందుకని ఆపరేషన్ ముందున్న వాళ్లు కిట్‌లో ఎన్ని వైర్లు, ఎన్ని కాయిల్స్, ఎన్ని బ్యాటరీలు ఉన్నాయో జాబితా సంతకంతో తీసుకోండి. పెట్టె విప్పకుండా బీరువాలో దాచుకున్న స్పేర్ వైరు వారంటీ ముగిశాక దొరికిన కుటుంబాలు ఎన్నో.

ప్ర: యూకేజీ టీచర్ 'వీడికి వినపడదు, పిలిస్తే చూడడు' అంటున్నారు. ఇంట్లో పక్క గదిలోంచి పిలిచినా పలుకుతాడు. మరి బడిలో ఏమవుతోంది?
(హనుమకొండ)

జ: ఫ్యాన్లు, ప్రతిధ్వని, నలభై మంది పిల్లలు. ఇంప్లాంట్‌తో నిశ్శబ్దంలో బాగా వినే పిల్లలకి కూడా రొదలో మాట విడదీయడం కష్టం. దూరం రెట్టింపయ్యే కొద్దీ టీచర్ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఫ్యాన్ మాత్రం నెత్తిమీదే ఉంటుంది. టకటకమనే పాత ఫ్యాన్ కింద మొదటి బెంచీ కూడా పనికిరాదు. రెండో వరసలో, ఫ్యాన్‌కీ రోడ్డు వైపు కిటికీకీ దూరంగా, ఒక్క చెవికే ఇంప్లాంట్ ఉంటే ఆ చెవి టీచర్ వైపూ క్లాసు వైపూ ఉండేలా కూర్చోపెట్టండి. గోడ పక్కన కూర్చోపెట్టి ఇంప్లాంట్ చెవిని గోడకి పెడుతుంటారు, అది చూసుకోండి.

అసలు మందు టీచర్ మైకు. కాక్లియర్ వాళ్లకి మినీ మైక్, ఇతరులకి రోజర్ లాంటివి ఉన్నాయి. మీ ప్రాసెసర్‌కి ఏది కలుస్తుందో ఆడియాలజిస్ట్ చెప్తారు. నోటికి జానెడు దూరంలో తగిలించాలి, చీర కొంగో చున్నీయో రాసుకోకుండా. స్టాఫ్ రూంకి వెళ్లేటప్పుడు మ్యూట్ చేయమని చెప్పండి, లేకపోతే టీచర్ల కబుర్లన్నీ మీ అబ్బాయికే. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పే మాట మైకులో వినపడుతుంది కానీ పెదవులు కనపడవు. రాయడం అయ్యాక తిరిగి చెప్పమనండి.

ప్ర: మనవరాలికి మూడేళ్లు. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో నేను ఇంట్లో ఎలా తెలుసుకోను? నాకు ఇంగ్లీషు రాదు.
(అనంతపురం)

జ: ఇంగ్లీషు అక్కర్లేదమ్మా. ఆరు చప్పుళ్లు చాలు: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. వీటిని లింగ్ శబ్దాలంటారు. మాటల్లో ఉండే మంద్రం నుంచి సన్నటి చప్పుడు దాకా మొత్తం వీటిలో వచ్చేస్తుంది.

పొద్దున మిషన్ పెట్టాక పాప పక్కన, ఇంప్లాంట్ చెవి వైపు, ఒక మీటరు దూరంలో కూర్చోండి. పెదవులు కనపడకూడదు. అలాగని చెయ్యి నోటికి అడ్డం పెట్టొద్దు, చప్పుడు మారుతుంది. పాప చేతిలో చింతగింజ, ముందు గిన్నె. చప్పుడు వినగానే గింజ వెయ్యాలి. వరస మార్చండి, మధ్యలో ఎడం కూడా మార్చండి, ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి పది. లేకపోతే పాప లయ పట్టేసి గింజలు వేసేస్తుంది. 'స్' అనేటప్పుడు గట్టిగా అనకండి, 'సు' అని అచ్చు కలపకండి. ఉత్త గాలి చప్పుడు చాలు. కొన్ని నెలల్లో గింజకి బదులు తిరిగి అనడం నేర్పండి.

'స్' ఒక్కటే పోతే మైకు జల్లెడ మూసుకుపోయిందేమో చూడండి, సన్నటి చప్పుళ్లు మొదట పోయేవి. 'మ్', 'ఊ' పోతే మ్యాప్ చూపించుకోండి. ఆరూ పోతే మిషనే ఆగింది.

మాటలు వచ్చాక తెలుగు మీకు మంచి పరికరాలిస్తుంది. 'పడు', 'పాడు', 'వడ', 'వాడ' లాంటి జతల్లో తేడా పొడవుది. ఇంప్లాంట్‌తో ఆ తేడా తొందరగా పట్టుబడుతుంది, వీటితో మొదలుపెట్టండి. 'మీరు', 'నీరు', 'పాలు', 'కాలు' జతలు కష్టం. నాలుక, పెదవి తగిలే చోటు ఒక్కటే మారుతుంది. పాల గ్లాసు, బొమ్మ కాలు ముందు పెట్టి, ఒకటి అడిగి చూపించమనండి. వారాలు పట్టినా కంగారొద్దు. ఇంట్లో మీరు మాట్లాడే తెలుగే మాట్లాడండి. బడి ఇంగ్లీషు మీడియం అని తాతమ్మ కూడా వచ్చీ రాని ఇంగ్లీషు మొదలుపెడితే పాపకి పూర్తి వాక్యం వినే చోటే ఉండదు.

ప్ర: రెండేళ్ల పాప మిషన్ పెట్టగానే లాగి పారేస్తోంది. ఏం చేయాలి?
(శ్రీకాకుళం)

జ: ఎప్పుడు తీస్తోందో రెండు రోజులు రాసి పెట్టండి. పెట్టగానే తీస్తే చర్మం, అయస్కాంతం, చెవి మీద గీరుకునే హుక్ చూడండి. మిక్సీ, కుక్కర్ విజిల్, బండి హారన్ దగ్గర తీస్తే మ్యాప్ గట్టిగా ఉంది, తగ్గించమనండి. చేతులు ఖాళీగా ఉన్నప్పుడే తీస్తే అది ఆట, చేతికి పనివ్వండి. పీకిన ప్రతిసారీ నవ్వొద్దు, తిట్టొద్దు, మళ్లీ పెట్టి పాట పాడండి. ప్రాసెసర్‌లో రోజుకి ఎన్ని గంటలు పెట్టారో రికార్డవుతుంది. మ్యాపింగ్‌కి వెళ్లినప్పుడు ఆ అంకె అడగండి. నిద్ర, స్నానం పోగా మెలకువగా ఉన్నంతసేపూ పెట్టాలి, పది గంటలకి తగ్గితే మాట వెనకబడుతుంది.

ప్ర: జ్వరాలు, ఇంజెక్షన్లు, పళ్ల డాక్టర్లు: ఏం జాగ్రత్తలు?
(ఖమ్మం, ఒంగోలు, కర్నూలు)

జ: ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి న్యుమోకోకస్ క్రిమి వల్ల వచ్చే మెనింజైటిస్ ముప్పు కొంచెం ఎక్కువ. సర్కారు టీకాల్లో వచ్చే పీసీవీ పూర్తయిందా చూసుకోండి. రెండేళ్లు నిండాక పీపీఎస్వీ 23 అనే ఇంకో టీకా విడిగా వేయించాలి. ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు టీకాలు అయిపోతే మంచిది. చెవి పోటు, జ్వరం, మెడ బిగుసుకోవడం కలిసి వస్తే ఇంటి వైద్యం వద్దు. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, పన్ను పీకించుకున్నా, ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. తల, మెడ భాగంలో మోనోపోలార్ కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) వాడకూడదు, బైపోలార్ వాడాలి. ఎమ్మారై గదిలోకి ప్రాసెసర్ ఎప్పుడూ వెళ్లకూడదు.

ప్ర: వైకల్య సర్టిఫికెట్ ఉంటే ఆదాయపు పన్నులో తగ్గుతుందా?
(విశాఖపట్నం)

జ: పాత పన్ను విధానంలో ఉంటే తగ్గింపు ఉంది, 1961 చట్టంలో అది సెక్షన్ 80డీడీ. వైకల్యం 40 శాతం నుంచి 75,000, 80 శాతం నుంచి 1,25,000 రూపాయలు. కొత్త విధానంలో ఇది లేదు. ఇంప్లాంట్ పెట్టాక మిషన్‌తో బాగా వింటున్నాడు కదా అని సర్టిఫికెట్ వద్దనుకోకండి.

ప్ర: మా పాపకి డాలస్‌లో చేయించాం. మూడు నెలలు గుంటూరులో ఉంటాం. ఏం తెచ్చుకోవాలి?
(డాలస్)

జ: స్పేర్ వైర్లు రెండు, కాయిల్ ఒకటి, మైకు కవర్లు, డ్రై బాక్స్ పూసలు, మ్యాప్ రిపోర్టు, ఇంప్లాంట్ కార్డు. అక్కడి కొత్త మోడల్ విడిభాగాలు ఇక్కడ అన్నిచోట్లా దొరకవు. బ్యాటరీలు చేతి సంచిలోనే, నాణేలకి తగలకుండా ప్యాకెట్‌లో ఉంచండి. చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 120 మాత్రమే ఉంటే మన గోడ ప్లగ్గులో పెట్టొద్దు, చార్జర్ కాలిపోతుంది.